కొలతక్క దగ్గర అందరూ పొట్టివాళ్ళే

కొలతక్కకు కోపం. దేనిమీద అని మాత్రం అడక్కండి. దేనిమీద లేదో చెప్పమంటే కాసేపు ఆలోచించి ఒకటో రెండో చెప్పగలను.

మేం పనిచేసేది ఒక దీవి మీద. దీవి అనగానే నాలుగు చెట్లూ రెండు పడవలూ అనుకునేరు. హోటళ్ళు, దుకాణాలు, మీటింగు హాళ్ళు, వాటి మధ్యలో ఆరుబయట పిల్లాజెల్లా ఆడుకోవడానికి ఒక మహా పార్కు. వంతెన దాటి లోపలికి వచ్చిన కుటుంబం, సెలవులు అయ్యేదాకా బయటికి తొంగి చూడాల్సిన పని లేకుండా కట్టారు. పార్కులో అలల కొలను ఉంది. ట్యూబులో పడుకుంటే తనంతట తనే తీసుకుపోయే ఏరు ఉంది. బొమ్మరైలు ఉంది. అన్నిటికంటే ఎత్తున 'పాతాళం' ఉంది. మెట్లెక్కి మేడంత పైకి పోయి, మూసిన గొట్టంలో పడుకుని, చీకట్లో గిరగిరా తిరిగి, కింద నీళ్ళలో దబ్బున పడాలి. పైకెక్కడాన్ని పాతాళం అనడమేమిటో ఆ పేరు పెట్టిన మహానుభావులకే తెలియాలి.

పాతాళం గొట్టాల అతుకులు నున్నగా రుద్దడం, ఉప్పుగాలికి తుప్పుపట్టిన బోల్టులు మార్చడం, పంపులు చూసుకోవడం నా పని. మేస్త్రీ అంటారు. ఈ పని ఏ బడిలోనూ నేర్చుకోలేదు. పాడైనవి విప్పి, బాగుచేసి, బిగించాక మిగిలిపోయిన మరలు చూసుకుని, మళ్ళీ విప్పి నేర్చుకున్నాను.

మెట్ల మొదట్లో గేటు. గేటు దగ్గర కొలతక్క. గొట్టం మలుపుల్లో చిన్న ఒళ్ళు పల్టీలు కొడుతుంది కాబట్టి, ఒక ఎత్తుకు తక్కువున్న పిల్లల్ని పైకి పంపకూడదు. ఆ కొలత చూడడం ఆవిడ ఉద్యోగం. వయసులో నాకంటే చిన్నదే. అయినా అక్కే. ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచే ధైర్యం దీవిలో ఎవరికీ లేదు.

పొద్దున్నే పనిలోకి రావడంతోనే అలల కొలనుతో మొదలుపెడుతుంది.

"సముద్రం పక్కనే ఉందా? దానికి వీపు తిప్పి, గొయ్యి తవ్వి, నీళ్ళు పోసి, మోటారు పెట్టి అలలు లేపుతారా? ఇంట్లో అన్నం పెట్టుకుని పక్కింట్లో అడుక్కున్నట్టు!"

తర్వాత మైకు. అది మాటిమాటికీ 'ఆనందాల దీవికి స్వాగతం' అంటూ ఉంటుంది.

"ఆనందం ఆనందం అని చెవిలో పోరు! ఇక్కడ లైన్లో నిలబడ్డవాళ్ళ మొహాలు చూడు. ఒక్కళ్ళ మొహంలోనైనా ఏడ్చిందా ఆనందం?"

ఆ తర్వాత పిల్లల్ని నవ్వించడానికి చేప వేషం వేసుకుని తిరిగే మనిషి. పాపం అతను ఎండకు తాళలేక తోక విప్పి మెట్టు మీద పెడితే, "దారికడ్డంగా తోక పెడతావా? చేపవేనా నువ్వు? ఏ చేపైనా తోక తీసి పక్కన పెట్టుకుంటుందా?" అని వాయించేసింది. అప్పట్నుంచి అతను ఆ వైపు వస్తే తోక చంకలో పెట్టుకుని వస్తాడు.

ఇవన్నీ నాకు సరదాగానే ఉండేవి. నాకు మండింది ఒక్క చోటే. నా కొలబద్ద దగ్గర.

ఆ బద్ద నా చేత్తో చేసింది. పండిన టేకు. చిత్రిక పట్టి, నూనె తాగించి, ఎర్రగీత గీసి, రసమట్టం పెట్టి, దారానికి గుండు కట్టి వేలాడదీసి నిలువు చూసి, కింద కాంక్రీటు పోసి నిలబెట్టాను. ఒకసారి తుఫానుకు హోటలు కిటికీ అద్దాలు ఎగిరిపోయాయి. నా బద్ద వెంట్రుకవాసి కదల్లేదు. మాటలు చెప్పేవాళ్ళు వందమంది ఉంటారు, నిలువుగా నిలబడే వస్తువు చేసేవాడు ఒకడుంటాడు.

అలాంటి బద్దను కొలతక్క వంకరబద్ద అంటుంది. నలుగురిలో! మైకు కంటే గట్టిగా!

ఆవిడ కొలిచే పద్ధతి చూస్తే పనితనం తెలిసినవాడికి కడుపు రగిలిపోతుంది. పిల్లను బద్దకు ఆనించి నిలబెడుతుంది. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత చూడాల్సింది నెత్తి దగ్గర, గీత దగ్గర. ఈవిడ గీత వైపు చూడనే చూడదు. గొంతుక్కూర్చుని పిల్ల మొహంలోకి చూస్తుంది. ఏదో గొణుగుతుంది. పంపుల హోరులో నాకు ఒక్క ముక్క వినబడేది కాదు. అప్పుడు లేచి చెయ్యి పిల్ల నెత్తిన పెట్టి, "పొడుగు! పదండి!" అనో, "పొట్టి! పక్కకు రండి!" అనో అరుస్తుంది. మేక పళ్ళు లెక్కపెట్టి మేడ ఎత్తు చెప్పినట్టు!

పొట్టి అన్నదంటే ఇక పిల్లల తల్లిదండ్రులతో యుద్ధమే.

"మా వాడు వాళ్ళ క్లాసులో అందరికంటే పొడుగండీ!" అంది ఒకావిడ.

"అలాగా! అయితే ఆ క్లాసు మొత్తాన్నీ ఆపేస్తాను. తీసుకురండి."

"ఇంత దూరం వచ్చింది దీనికోసమే," అన్నాడు ఇంకొకాయన.

"దూరం వస్తే పొడుగవుతారా? అలాగైతే విమానాలు నడిపేవాళ్ళు తాడిచెట్టంత ఉండాలి."

"గీత దాటాడు కదమ్మా, కళ్ళు కనబడడం లేదా?"

"నాకు కనబడుతున్నాయి. ఆ బద్దకే కనబడడం లేదు. వంకరబద్ద. అదిగో, ఆ మేస్త్రీ చేశాడు. ఆయన్నడగండి."

అందరూ నా వైపు చూసేవారు. నేను పానా పట్టుకుని పంపుగదిలోకి పోయి, బిగించి ఉన్న బోల్టునే ఇంకా బిగించేవాణ్ణి.

ఒకరోజు కవలలు వచ్చారు. మగపిల్లలు. ఒకే చొక్కా, ఒకే క్రాపు, ఊడిన పన్ను కూడా ఒకటే. ఇద్దరి నెత్తులూ గీతను ఒకే చోట దాటాయి. నేను నిచ్చెన మీదనుంచి కళ్ళారా చూశాను. కొలతక్క ఒకణ్ణి పొడుగంది. రెండోవాణ్ణి పొట్టి అంది.

నిచ్చెన దిగకుండానే అరిచాను. "అక్కా, కవలలక్కా! ఇద్దరిదీ ఒకే ఎత్తు!"

"కవలలైతే? నీ రెండు చెవులూ ఒకలా ఉన్నాయా? ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నావా?"

పంపుగదిలోకి పోయి చూసుకున్నాను. ఎడమది కాస్త పెద్దదే. దాంతో కోపం ఇంకా పెరిగింది.

ఫిర్యాదులు పైకి పోతూనే ఉన్నాయి. కొలతక్క పేరు వినబడితే మేనేజరు గారి చెయ్యి తలనొప్పి మాత్ర కోసం జేబులోకి పోయేది. చివరికి ఒకరోజు గేటు దగ్గరికే వచ్చి నా ముందే చెప్పేశాడు.

"చూడమ్మా, ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే నిన్ను లాండ్రీలో వేస్తాను. దుప్పట్లతో ఎంత పోట్లాడినా అవి నా దగ్గరికి రావు."

"లాండ్రీలో పిల్లలుంటారా?" అంది కొలతక్క.

"లాండ్రీలో పిల్లలెందుకుంటారు?"

"అయితే నేను పోను. గేటు తీసేస్తే ఉద్యోగమే మానేస్తాను," అని మొహం తిప్పుకుంది. ఆ పూట అలల కొలనును కూడా ఏమీ అనలేదు. నాకెందుకో అది నచ్చలేదు.

ఆ ఇంకొక్క ఫిర్యాదు రావడానికి వారం కూడా పట్టలేదు.

బడి సెలవులు. మిట్టమధ్యాహ్నం. లైను ఏటి ఒడ్డుదాకా పాకింది. ఒక పెద్దమనిషి వచ్చాడు. మనిషి నిలువెత్తు దూలం. నెత్తిన టోపీ, చేతిలో కర్రకు తగిలించిన ఫోను. ఫోనులోకి మాట్లాడుతూనే ఉన్నాడు. "ఇదిగో బాబాయ్, పాతాళం! ఇదిగో అత్తయ్యా, ఇప్పుడు మన పాప దూకబోతోంది! భయమా? మన వంశంలో భయమన్న మాటే లేదు!" పక్కన ఎనిమిదేళ్ళ పాప. తడిజుట్టు, చేతిలో గాలి తీసేసిన ట్యూబు. మాట్లాడడం లేదు.

కొలతక్క పాపను నిలబెట్టింది. గొంతుక్కూర్చుంది. గొణిగింది. లేచింది.

"పొట్టి! పక్కకు రండి!"

"ఏంటీ?" అన్నాడు పెద్దమనిషి. ఫోనులో బాబాయి కూడా అదే అన్నాడు.

"పొట్టి అన్నాను. ఫోనులో ఉన్నవాళ్ళకు కూడా చెప్పండి."

"గీత మీదికి రెండు వేళ్ళుంది! గుడ్డివాడికి కూడా తెలుస్తుంది! పిలు నీ మేనేజర్ని!"

"నేనెందుకు పిలుస్తాను? నా నోరు మిమ్మల్ని తిట్టడానికే సరిపోతోంది, కబుర్లు కూడా మొయ్యాలా?"

పిలవక్కర్లేకుండానే మేనేజరు వచ్చాడు. లైనులో వెనకున్నవాళ్ళు గోల చేస్తున్నారు. కొలతక్కను కొందరు, పెద్దమనిషిని కొందరు, ఎండను అందరూ తిడుతున్నారు. మేనేజరు గారి మొహం నా ఎర్రగీతలా ఉంది.

"మేస్త్రీ! పంపులు ఆపు. ఇలా రా. అందరి ముందూ నువ్వు కొలువు. పాప గీత దాటిందా, ఈవిడ ఇవాళే లాండ్రీకి. దాటలేదా, సార్ ఈవిడకు సారీ చెబుతారు. సరేనా సార్?"

"చెబుతా! నూరుసార్లు చెబుతా!" అన్నాడాయన.

కొలతక్క నోరు తెరవలేదు. ఆవిడ నోరు మూసుకుని నిలబడడం చూడడం నాకదే మొదటిసారి. మొదట భయం వేసింది. తర్వాత, దాచడమెందుకు, లోపల సంబరంగా అనిపించింది. ఇన్నాళ్ళకు నా బద్దకు న్యాయం జరగబోతోంది. పంపులు ఆపి, మూలమట్టం తెచ్చి, పాప నెత్తిన ఒక అంచు, బద్దకు ఒక అంచు ఆనించాను. గీత మీదికి రెండు వేళ్ళు. సందేహమే లేదు. మడమలు నేలకు ఆనాయో లేదో చూద్దామని గొంతుక్కూర్చున్నాను. అది పద్ధతి.

పాప వేళ్ళు నేలను గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"మీరు అడగరా?" అంది పాప గుసగుసగా. పంపులు ఆగాయి కాబట్టి వినబడింది.

"ఏమడగాలమ్మా?"

"పొడుగా పొట్టా అని. అక్క అడిగింది కదా. మనం చెప్పాలి."

"మనం చెప్పడమేంటి? బద్ద చెబుతుంది."

"బద్దకేం తెలుసు?" అంది పాప. "ఎక్కేది నేను కదా."

నేను మూలమట్టం కిందికి దించాను. "అక్కకు ఏం చెప్పావు?"

"పొట్టి." నాన్న వైపు దొంగచూపు చూసింది. "నాన్నకు చెప్పకండి. అక్క ఎవ్వరికీ చెప్పనంది. తిట్లన్నీ తనే చూసుకుంటానంది."

పనిముట్టు పాడైతే అటూ తప్పుతుంది, ఇటూ తప్పుతుంది. వంకర రంపం ఒకసారి ఎడమకు పోతే ఇంకోసారి కుడికి పోతుంది. ఇన్నేళ్ళలో గీత దాటని పిల్లను కొలతక్క ఒక్కసారైనా పొడుగంటే నేను చూశానా? లేదు. తప్పినప్పుడల్లా ఒకే వైపు తప్పింది. పనివాణ్ణని విర్రవీగే నాకు ఆ సంగతి తట్టలేదు. ఆ కవలల్లో పొడుగన్నవాడు మెట్లమీద గెంతుకుంటూ పోయాడు. పొట్టి అన్నవాడు ఏడవను కూడా ఏడవలేదు, రైలు వైపు పరుగెత్తాడు. ఆ టైములో నేను అద్దంలో చెవులు చూసుకుంటున్నాను.

నాకు జాలి వేసిందనుకోకండి. ఒళ్ళు మండింది. పక్కనే పనిచేసే మనిషికి ఒక్క ముక్క చెప్పొచ్చు కదా! బంగారంలాంటి నా బద్దను వంకర, వంకర అని దీవంతా చాటడానికి నోరొచ్చింది గానీ!

"ఏమంటుంది మేస్త్రీ, బద్ద?" అన్నాడు మేనేజరు.

లైను మొత్తం మెడలు సాచింది. ఫోనులో బాబాయి కూడా ఊపిరి బిగబట్టాడు.

"బద్ద..." అన్నాను. మూలమట్టం వైపు చూడలేకపోయాను. "బద్ద వంకరండి."

"ఏంటీ?"

"కింద ఇసుక కుంగిందండి. బద్ద దిగిపోయింది. గీత ఉండాల్సిన దానికంటే కిందికి వచ్చింది. ఈ పాప గీత దాటినట్టు కనబడుతుంది గానీ, దాటలేదు."

మేనేజరు మొహంలో ఎరుపు దిగిపోయి తెలుపు ఎక్కింది. "అంటే ఇన్నాళ్ళూ పొట్టివాళ్ళను పైకి పంపుతున్నామా?"

"అదే లేదండి. ఈవిడ బద్దను నమ్మడం లేదు కదా. ఎప్పట్నుంచో మొత్తుకుంటోంది. గీతకు దగ్గరగా ఉన్నవాళ్ళను కంటితో చూసి, అనుమానం వస్తే ఆపేస్తోంది. నేనే... వినిపించుకోలేదు."

ఒక్కో మాటకూ ఒక్కో పన్ను పీకుతున్నట్టుంది నాకు.

"చెప్పానా!" కొలతక్క గొంతు తిరిగొచ్చింది. మామూలు కంటే రెండింతలు పెద్దగా తిరిగొచ్చింది. "చెప్పానా లేదా? వంకరబద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానా? విన్నాడా ఈ మేస్త్రీ? టేకంట! నూనె తాగించాడంట! నూనె తాగించినంత మాత్రాన నిటారుగా నిలబడుతుందా?"

పెద్దమనిషి గొట్టం మలుపుల వైపు చూశాడు, పాప వైపు చూశాడు, ఫోను దించాడు. "సారీ అమ్మా," అన్నాడు మెల్లగా.

"ఇంకా తొంభై తొమ్మిది బాకీ. అవి తర్వాత చెప్పొచ్చు. ముందు ఆ పిల్లకు చెప్పులు తొడగండి, నేల కాలిపోతోంది! పిల్లను కన్నవాళ్ళు పాదాలు చూడరు, ఫోను చూస్తారు!"

మేనేజరు కొలతక్కకు దండం పెట్టి, నాకు వేలు చూపించి, బద్దను సాయంత్రంలోగా సరిచెయ్యమని చెప్పి వెళ్ళాడు. సరిగ్గా ఉన్న బద్దను చుట్టూ కాంక్రీటు పగలగొట్టి పైకి పీకి, సరిగ్గా ఉన్నచోటే, సరిగ్గా ఉన్నంత లోతులోనే మళ్ళీ పాతాను. ఇంత తెలివితక్కువ పని నా జన్మలో చెయ్యలేదు. కొలతక్క పక్కన స్టూలేసుకుని కూర్చుని టీ తాగుతూ చూసింది.

"నాకైనా చెప్పి ఉండొచ్చుగా?" అన్నాను గునపం దించుతూ.

"చెబితే ఏం చేస్తావు? రైలాయనకు చెబుతావు. ఆయన చేపకు చెబుతాడు. నాన్నలకు తెలిసిపోతుంది. తెలిస్తే అక్కడే మొదలు, భయమా, భయమెందుకు, నేను నీ వయసులో చెరువులు ఈదాను అని. పొట్టి అంటే ఎవరి తప్పూ కాదు. ఎవ్వరూ నవ్వరు. మహా అయితే నన్ను తిడతారు."

"తిడితే తిట్టనీ. మధ్యలో నా బద్దనెందుకు వంకర అంటావు?"

"బద్ద సరిగ్గా ఉంటే నేను తప్పవుతాను. ఎవరో ఒకళ్ళు వంకరవ్వాలి కదా! బద్దకు మనసు లేదు, నొచ్చుకోదు."

"నాకుంది."

"నిన్నేమన్నాను?" అంది కొలతక్క నిజంగానే ఆశ్చర్యపోయి. "అటువైపు కాస్త వంగినట్టుంది చూడు."

గునపం కింద పడేసి పంపుగదిలోకి పోయాను.

మర్నాడు పొద్దున లైను ఇంకా మొదలుకాలేదు. అదే పాప. ముందు తను పరుగెత్తుకుంటూ వస్తోంది. వెనకాల పెద్దమనిషి ఆయాసపడుతూ వస్తున్నాడు. చేతిలో ఫోను లేదు.

"ఎందుకమ్మా మళ్ళీ? నిన్ననే పొట్టి అన్నారు కదా!"

పాప వినిపించుకోలేదు. చెప్పులు విప్పి, తనంతట తనే వచ్చి బద్దకు వీపు ఆనించింది. కొలతక్క గొంతుక్కూర్చుంది. నేను పంపు మీట మీద చెయ్యి పెట్టి, నొక్కకుండా ఆగాను.

"పొడుగా పొట్టా?"

"పొడుగు," అంది పాప.

కొలతక్క లేచింది. "పొడుగు! పదండి!"

"అదేంటి!" అన్నాడు పెద్దమనిషి. "ఒక్క రాత్రిలో ఎలా పెరిగింది?"

"పిల్లలు రాత్రుళ్ళు కాకపోతే ఎప్పుడు పెరుగుతారు? మీరు చూస్తుండగా పెరుగుతారా? పిల్లను కనడమే గానీ ఎలా పెరుగుతుందో తెలుసుకోరా?"

పాప అప్పటికి రెండు మెట్లెక్కి వెనక్కి తిరిగింది. "నాన్నా, నువ్వు కూడా రా!"

"నేనా?" అన్నాడు పెద్దమనిషి. తలెత్తి పాతాళం పైకప్పు చూశాడు. గొట్టం చీకటి నోరు చూశాడు. టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "నేనెందుకమ్మా... నాకు... తడి బట్టలు..."

"ఆగండి!" అని అరిచింది కొలతక్క. "కొలవకుండా ఎవర్నీ పంపను. రండి. బద్ద దగ్గర నిలబడండి."

నిలబడ్డాడు. నా ఎర్రగీత ఆయన నడుముకు కాస్త పైన ఎక్కడో ఉంది. కొలతక్క ఈసారి గొంతుక్కూర్చోలేదు. మునివేళ్ళ మీద లేచి ఆయన మొహంలోకి చూసింది. గొంతు తగ్గించింది. పంపు ఆపి ఉంది కాబట్టి నాకు వినబడింది.

"చెప్పండి సార్. పొడుగా, పొట్టా?"

పెద్దమనిషి అటు చూశాడు, ఇటు చూశాడు. నేను మీట తుడుస్తున్నట్టు నటించాను.

"పొట్టి," అన్నాడు.

కొలతక్క దీవంతా వినబడేలా ఒక్క కేక పెట్టింది.

"పొట్టి! పక్కకు రండి! పాపా, నువ్వెక్కు తల్లీ, మీ నాన్న ఇంకా ఎదగాలి!"